చేతిపనికి పట్టా: కరీబియన్ సీమ నేర్పిన పాఠం

కూటికోసం కోటి విద్యలని మన పెద్దలు చెప్పారు. ఆ కోటి విద్యలలో కూర్చుండి చేసేవాటికి ఒక మర్యాద, నిలుచుండి చేతులతో చేసేవాటికి మరొక మర్యాద ఎందుకు ఏర్పడినవో మాత్రం చెప్పలేదు. ఈ ప్రశ్న మా మనస్సులలో ఇంతకు పూర్వం ఎన్నడును ఉదయించలేదని ఒప్పుకొనుటకు మేము సిగ్గుపడుచున్నాము. దానిని మాకు గుర్తుచేసినవారు మన దేశస్థులు కారు. సప్త సముద్రాల కావల దక్షిణ అమెరికా ఖండపు ఉత్తర తీరమున ఉన్న గయానా దేశమునుండి హైదరాబాదుకు వచ్చిన ఒక అతిథి.

గత సంవత్సరం మా అర్థశాస్త్ర అధ్యాపకులు మమ్ములను నలుగురిని యూసుఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు తీసుకొని వెళ్ళారు. 1962లో ఢిల్లీనుండి మన నగరానికి తరలివచ్చిన ఈ సంస్థలో నేటికిని అనేక దేశాలవారు శిక్షణ పొందుతున్నారు. భారత ప్రభుత్వం 1964 సెప్టెంబరు 15న ప్రారంభించిన సాంకేతిక, ఆర్థిక సహకార పథకం క్రింద వారు వస్తారు. రానుపోను విమాన చార్జీలు, బస, భోజనం, బోధన, అన్నియు మన దేశమే భరిస్తుంది. ఆ రోజు భోజనశాలలో ఆఫ్రికా, మధ్య ఆసియా, లాటిన్ అమెరికా దేశాలవారు ఒకే వరుసలో కూర్చుండి పప్పు, అన్నము తింటూండగా చూచి మాకు ముచ్చట వేసినది.

ఆ వరుస చివర కూర్చున్న నడివయస్సు స్త్రీ మమ్ములను చూచి నవ్వి, ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో "రండి, బేటా" అన్నారు. ఆ ఒక్క మాటకు మేము ఉలిక్కిపడ్డాము. గయానాలో భారత సంతతివారి ఇండ్లలో బేటా, నానీ, ఆజా వంటి మాటలు నేటికిని బ్రతికి ఉన్నవని ఆమె చెప్పారు. ఆమెది బెర్బీస్ ప్రాంతం. అక్కడ ఒక సాంకేతిక విద్యాలయంలో వెల్డింగ్ నేర్పే ఉపాధ్యాయిని. ఆమె ముత్తవ్వ మద్రాసు రేవులో ఓడ ఎక్కినదట. ఏ ఊరినుండి వచ్చినదో, ఏ భాష మాట్లాడినదో ఆ కుటుంబంలో ఎవరికిని జ్ఞాపకం లేదు. మద్రాసు రేవునుండి వెళ్ళిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉన్నారని మేము చెప్పగా, ఆమె కొంతసేపు మా ముఖాలలో ఏదో వెదకుచున్నట్లు చూచారు.

తరువాత ఆమె మమ్ములను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది నవ్వుతూ అడిగినది. "మీ ఊరిలో వెల్డింగ్ చేసేవానికి పిల్లనిస్తారా?" మేమును నవ్వాము. రెండవది, "మీ తండ్రులు ఏమి చేస్తారు?" ఒకని తండ్రి ఉపాధ్యాయుడు, ఒకని తండ్రి గుమాస్తా, ఒకని తండ్రికి చీరల దుకాణం. నాలుగవవాడు "మా అబ్బాది వ్యాపారం" అన్నాడు. అది అసత్యం. అతని తండ్రి ముప్పది సంవత్సరాలుగా ఆజమాబాదు వైపు ఒక షెడ్డులో లేత్ మిషన్‌పై పనిచేసే టర్నర్. ఈ సంగతి మాకందరికిని తెలుసు. ఐనను మేమెవ్వరమును మాట్లాడలేదు. మా మౌనంతో ఆ అసత్యానికి సాక్షి సంతకం చేశాము.

ఆమె గ్రహించారో లేదో తెలియదు. తమ దేశాల కథ చెప్పసాగారు. ఆ మధ్యాహ్నం విన్నదియు, తరువాత మేము గ్రంథాలయంలో చదివి తెలిసికొన్నదియు కలిపి ఇచ్చట నివేదిస్తున్నాము.

బ్రిటిష్ కరీబియన్ వలసలలో బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దై, 1838లో పూర్తిగా అంతరించినది. ఆ 1838లోనే చెరకు తోటలలో పనికి భారతీయ కూలీలతో మొదటి ఓడలు నాటి బ్రిటిష్ గయానాకు చేరినవి. 1845లో ట్రినిడాడ్, జమైకాలకు ఓడలు వెళ్ళినవి. ఈ ఒప్పంద కూలీ విధానం 1917లో నిలిచిపోవులోగా ఒక్క గయానాకే 2 లక్షల 38 వేలకు పైగా జనం చేరుకొన్నారు. బానిసకుగాని, కూలీకిగాని చేతిపని స్వేచ్ఛగా ఎన్నుకొన్నది కాదు, నెత్తిన పడినది. అందుచేత స్వేచ్ఛ లభించిన తరువాత ప్రతి తండ్రియు తన బిడ్డ చేతిలో కలమును చూడగోరినాడేగాని, కత్తిని గాని సుత్తిని గాని చూడగోరలేదు. ఇది అహంకారం కాదు, గాయం. కరీబియన్ సీమలో వృత్తివిద్యకు పట్టిన మొదటి చిక్కు ఇదే.

రెండవ చిక్కునకు ఆర్థర్ లూయిస్ మహాశయుని జీవితం నిదర్శనం. 1915లో సెయింట్ లూసియా దీవిలో జన్మించిన ఈ నల్లజాతి మేధావి బాల్యంలో ఇంజనీరు కావలెనని కోరుకొన్నాడు. కాని నాటి ప్రభుత్వముగాని చెరకు కంపెనీలుగాని నల్లవానిని ఇంజనీరుగా నియమించవని ఎరిగి, ఆ కోరిక విడిచి లండన్‌లో వాణిజ్యశాస్త్రం చదివాడు. ఆయన చివరకు అర్థశాస్త్రవేత్త ఐ, 1979లో నోబెల్ బహుమానం పొందాడు. లోకం ఆయన కీర్తిని పొగడినది. కాని ఆ దీవి ఒక ఇంజనీరును కోల్పోయిన సంగతి ఎందరు గమనించారు? నేర్చుకొనదలచినవానికి తలుపు మూసి ఉంటే, బడి పెట్టినంత మాత్రాన ప్రయోజనం ఏమి?

స్వాతంత్ర్యానంతరం ఈ చిన్న దేశాలు ఆ తలుపులు తెరచుటకు పూనుకొన్నవి. అంతకు పూర్వమే 1951లో గయానా రాజధాని జార్జిటౌన్‌లో ప్రభుత్వ సాంకేతిక విద్యాలయం వెలసినది. 1973 జులై 4న ట్రినిడాడ్‌లోని చాగువరామస్‌లో కరీబియన్ సమాజం, అనగా కారికోమ్, ఏర్పడినది. 1982లో జమైకా "హార్ట్" అను శిక్షణ నిధిని స్థాపించినది. దాని ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. నిర్ణీత పరిమితికి మించి జీతాలు చెల్లించే ప్రతి యజమానియు తాను చెల్లించే జీతాల మొత్తంపై నూటికి 3 వంతులు ఈ నిధికి ఇవ్వవలెను. పనివాని నైపుణ్యంవలన లాభం పొందేవాడు ఆ నైపుణ్యానికి ఖర్చు పెట్టుట న్యాయమే కదా!

ఐతే ఒక దీవిలో నేర్చిన పనికి మరొక దీవిలో విలువ ఉండవలెను. లక్ష జనాభా కూడ లేని దీవులు ఆ సముద్రంలో ఎన్నో ఉన్నవి. ప్రతి దీవియు వేరువేరు పట్టాలు ఇస్తే వాటిని ఎవరు నమ్ముతారు? అందుచేత 2003లో వివిధ దేశాల శిక్షణ సంస్థలు ఒక సంఘంగా ఏర్పడినవి. 2007లో "కరీబియన్ వృత్తి అర్హత" అను ఉమ్మడి పట్టా అమలులోకి వచ్చినది. దీనిలో 5 అంతస్తులు ఉన్నవి. ఇతరుల పర్యవేక్షణలో పనిచేసేవానినుండి స్వతంత్రంగా పనిని నడపగలవానివరకు ఒక్కొక్క మెట్టు. ఈ పట్టా గల పనివాడు కారికోమ్ ఉమ్మడి విపణిలో చేరిన దేశాలలో నిపుణుడుగా వెళ్ళి పనిచేయుటకు హక్కు పొందుతాడు.

ఈ పట్టా ఇచ్చే విధానాన్ని ఆమె భోజనశాల బల్లమీద చెంచాలు, గిన్నెలు పేర్చి మాకు వివరించారు. అభ్యర్థి మూడు గంటలు కూర్చుండి కంఠస్థం చేసినది వ్రాయడు. పనిచేసి చూపుతాడు. తాను చేసిన పనుల ఛాయాచిత్రాలు, యజమానుల లేఖలు, కొలతల కాగితాలు ఒక దస్త్రంగా సమర్పిస్తాడు. పరీక్షకుడు వాటిని నిర్ణీత ప్రమాణంతో పోల్చి చూస్తాడు. ఆ పరీక్షకుని తీర్పును మరొక తనిఖీదారు సరిచూస్తాడు. తప్పినవాడు తప్పినట్లు కాదు. "ఇంకను సమర్థుడు కాలేదు" అని మాత్రమే వ్రాస్తారు. మరల నేర్చుకొని మరల చూపవచ్చును. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్ వంటి చోట్ల ఏ బడికిని పోకుండ ఏండ్ల తరబడి పనిచేసి నేర్చుకొన్నవారికి కూడ ఇట్లే పరీక్షించి పట్టా ఇచ్చే పద్ధతి ఉన్నది.

ఇచ్చట మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఆమె చెప్పారు. ట్రినిడాడ్ రాజధానిలోని సెయింట్ జేమ్స్ పేటలో మొహర్రం సందర్భాన కొన్ని కుటుంబాలు వారాల తరబడి శ్రమించి వెదురు, కర్ర, రంగు కాగితాలతో ఎత్తైన తాజియాలు నిర్మిస్తాయి. ఆ పనిని కొడుకు తండ్రివద్ద, తండ్రి తాతవద్ద చూచి నేర్చినాడు. కొలత, అమరిక, నిలకడ, అలంకారం, అన్నియు అందులో ఉన్నవి. ఏ పాఠశాలయు వారికి నేర్పలేదు. నైపుణ్యం పాఠశాలకంటె ప్రాచీనమైనదని మాకు అప్పుడు బోధపడినది. పాఠశాల చేయవలసిన పని దానిని గుర్తించుట, దానికి మరికొంత చేర్చుట.

"మరి మీరు ఈ వృత్తిలోకి ఎట్లు వచ్చారు, మేడమ్?" అని అడిగాము. ఆమె తండ్రి బెర్బీస్‌లోని ఒక చక్కెర ఎస్టేటులో యంత్రాలు బాగుచేసేవారు. 2017 చివర ఆ ఎస్టేటు మూతపడినది. ఆ కాలంలో గయానాలో అనేక వేలమంది చక్కెర కార్మికులు ఇట్లే వీధిన పడ్డారు. ముప్పది ఏండ్ల అనుభవం గల ఆయన మరొక యజమానివద్దకు వెళ్ళగా, కాగితం లేదని సహాయకుని కూలికి పెట్టుకొన్నారట. అక్కడ ఆయనకు పని చెప్పిన యువకుడు ఒకప్పుడు ఆయనవద్ద పని నేర్చినవాడే. "ఆ సాయంత్రం మా తండ్రి అన్నం తినలేదు. అప్పటికే నేను వెల్డింగ్ నేర్పుతున్నాను. పట్టా విలువ నాకు అర్థమైనది మాత్రం ఆ రోజుననే" అన్నారు. మా నాలుగవ మిత్రుడు తల వంచుకొని వింటున్నాడు.

పట్టా చేతికి వచ్చినంతనే కష్టాలు తీరునా? ఇచ్చట మూడవ చిక్కు ఎదురగుచున్నది. 1948 జూన్ 22న "విండ్‌రష్" ఓడ కరీబియన్ జనులను ఇంగ్లండు తీరాన దింపినది. ఆ తరంలో వెళ్ళిన పనివారు చాలమంది తమ విద్యకు తగని చిన్న పనులలో కుదిరారు. 1966లో కెనడా తన తోటలలో పనికి జమైకానుండి 264 మందిని తొలిసారి రప్పించుకొన్నది. ఆ వరుస నేటికిని ఆగలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2006లో ప్రచురించిన ప్రాచీ మిశ్రా అధ్యయనం ప్రకారం, 12 సంవత్సరాలకు మించిన చదువు గలవారిలో నూటికి 70 మందికి పైగా ధనిక దేశాలకు వలసపోయిన కరీబియన్ దేశాలు అనేకం. పేద దేశం పెంచి, నేర్పి, పండించినది. ధనిక దేశం కోసుకొన్నది.

స్వదేశంలోనే ఉన్నవారికిని నిశ్చింత లేదు. 1980 దశకంలో జమైకా వేలాది స్త్రీలకు కుట్టుపనిలో ఉపాధి చూపినది. వారు కుట్టిన దుస్తులు అమెరికాకు పోయేవి. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి రాగా, గిరాకీ క్రమంగా మెక్సికోకు మరలినది. సూది చేతిలోనే మిగిలినది, పని పోయినది. ఒకే కొనుగోలుదారుని నమ్మి నేర్చిన విద్య ఒంటి స్తంభపు మేడవంటిది.

కనుక అంతర్జాతీయ సహకారమనగానే చప్పట్లు కొట్టరాదని ఆమె అభిప్రాయం. మంచి సహకారానికి ఉదాహరణగా ఆమె జమైకాలోని నావిక విద్యాలయాన్ని పేర్కొన్నారు. 1980లో నార్వే సహాయంతో అది ప్రారంభమైనది. నార్వేవారు ఓడ నడుపుట నేర్పి ఊరుకొనలేదు. నేర్పే శక్తిని ఆ గడ్డపై నాటి వెళ్ళారు. నేడది కరీబియన్ నావిక విశ్వవిద్యాలయం. కెనడా కళాశాలలును 2010 తరువాతి సంవత్సరాలలో కారికోమ్ దేశాల విద్యాలయాలతో చేయి కలిపి పాఠ్యక్రమాలు, శిక్షకుల తర్ఫీదు విషయంలో తోడ్పడినవి. మన దేశం 2024 నవంబరులో జార్జిటౌన్‌లో జరిగిన భారత-కారికోమ్ శిఖరాగ్ర సమావేశంలో రానున్న 5 సంవత్సరాలలో 1000 అదనపు శిక్షణ స్థానాలు ఇచ్చుటకు మాట ఇచ్చినది. యూసుఫ్‌గూడ భోజనశాలలోని ఆ కుర్చీ ఇటువంటి సంబంధాల ఫలితమే.

"సహకారానికి మూడు పరీక్షలు పెట్టండి" అన్నారు ఆమె. "మా శిక్షకునికి నేర్పుతున్నారా, లేక మా పిల్లవానిని మాత్రం ఎత్తుకొనిపోతున్నారా? మేము ఇచ్చే పట్టాను మీ దేశంలో గౌరవిస్తారా? మీరు వెళ్ళిపోయిన తరువాత ఆ పనిశాల నడుస్తుందా?" ఈ మూడవ ప్రశ్న గయానాకు నేడు మరింత ముఖ్యం. 2015లో ఆ దేశపు సముద్రగర్భంలో చమురు కనుగొన్నారు. 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైనది. దేశీయులకు అందులో భాగం దక్కవలెనని 2021లో ఒక చట్టము చేసి, 40 రకాల సేవలలో, సరఫరాలలో స్థానికులకు కనీస వాటా నిర్ణయించారు. కాని వాటా చట్టంలో ఉన్నంత మాత్రాన వెల్డర్ పుట్టడు. సముద్రపు గొట్టానికి అతుకు వేయగలవాడు లేకుంటే ఆ వాటా కాగితంపైనే నిలుస్తుంది.

ఇల్లు విడిచి పోని నైపుణ్యం విలువ తుఫాను రోజున తెలియును. 2017 సెప్టెంబరు 18న మరియా పెనుతుఫాను డొమినికా దీవిని తాకినది. ఒక్క రాత్రిలో జరిగిన నష్టం ఆ దేశపు సంవత్సరాదాయానికి రెండింతలకు మించి, నూటికి 226 వంతులుగా లెక్క తేలినది. ఇంటిపైకప్పులలో అత్యధిక భాగం ఎగిరిపోయినవి లేదా దెబ్బతిన్నవి. ఆ మరునాడు ఆ దీవికి కావలసినవారు ఎవరు? పైకప్పును ఇనుప పట్టీలతో గోడకు బిగించగల వడ్రంగి. విద్యుత్ స్తంభం ఎక్కగల లైన్‌మన్. ఇటువంటి విపత్తులలో కరీబియన్ విద్యుత్ సంస్థల ఒడంబడికను అనుసరించి పొరుగు దీవుల లైన్‌మెన్ తమ పనిముట్లతో తరలివస్తారు. నిన్న సహాయం పొందిన దీవి రేపు సహాయం చేస్తుంది. ఉమ్మడి ప్రమాణంలో శిక్షణ పొందినవాడు పరాయి స్తంభంపై కూడ నిర్భయంగా పనిచేయగలడు. ప్రాంతీయ సహకారమునకు ఇంతకు మించిన నిర్వచనం మాకు ఏ గ్రంథంలోను దొరకలేదు.

మేము సెలవు తీసుకొనే సమయంలో మా నాలుగవ మిత్రుడు లేచి నిలుచున్నాడు. "మేడమ్, నేను అబద్ధం చెప్పాను. మా అబ్బా టర్నర్" అన్నాడు. ఆమె కోపగించుకొనలేదు. "ఆయన మిషన్ చూడవచ్చునా?" అని అడిగారు.

ఆ వచ్చిన ఆదివారం మేము ఆమెను ఆ షెడ్డుకు తీసుకొని వెళ్ళాము. చాచా చేతులు తుడుచుకొని, ఏమి మర్యాద చేయవలెనో తోచక, ఇరానీ చాయ్ తెప్పించారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆమెకు ఉర్దూ రాదు. ఐనను తాను ఆ ఉదయం తిప్పిన ఇరుసును ఆమె చేతికి ఇచ్చారు. ఆమె వేలితో దాని అంచు తడిమి, మైక్రోమీటర్ అడిగి రెండు చోట్ల కొలిచారు. కొలత ఒక్క వెంట్రుకవాసి కూడ తేడా రాలేదు. ఆమె తల ఊపారు. చాచా కూడ తల ఊపారు. ఆ తరువాత వారిద్దరును మిషన్‌ను చూపించుకొంటూ అర్ధగంటసేపు సైగలతో మాట్లాడుకొన్నారు. దుబాసీలుగా వెళ్ళిన మాకు పని లేకపోయినది.

"మా దేశంలో ఐతే ఈయనను కూర్చుండబెట్టి వ్రాయించరు, ఇట్లే కొలిచి చూస్తారు. ఇచ్చట అట్టి ఏర్పాటు లేదా?" అని ఆమె అడిగారు. ఉన్నది. మన దేశంలోను 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పనిచేస్తూ నేర్చుకొన్న విద్యకు గుర్తింపునిచ్చే విభాగం ఏర్పడినది. కాని అప్పటికి చాచాకు ఆ సంగతి తెలియదు. కళాశాలలో చదువుతున్న మాకును తెలియదు. ముప్పది ఏండ్లుగా ఆయనను ఉస్తాద్ అని పిలిచేవారున్నారుగాని, ఆ మాటను కాగితంపై వ్రాసి ఇచ్చినవారు లేరు.

కళాశాల కార్యవర్గమునకు మేము సవినయంగా రెండు మనవులు చేస్తున్నాము. మన విద్యార్థుల తల్లిదండ్రులలో కుట్టుపనివారు, జరీ పనివారు, వడ్రంగులు, మెకానిక్కులు, విద్యుత్ పనివారు ఎందరో ఉన్నారు. వారి అనుభవానికి గుర్తింపు పొందే మార్గాలు తెలిపి, దరఖాస్తులు నింపుటకు తోడ్పడే ఒక చిన్న బల్లను వారానికొక సాయంత్రం కళాశాలలో ఏర్పాటు చేయవలెను. వ్రాతపని మేము చేస్తాము. వార్షికోత్సవంలో చిత్రలేఖన ప్రదర్శన ప్రక్కన మన ఇండ్ల పనివారి చేతిపనుల ప్రదర్శన కూడ ఉండవలెను. ప్రతి వస్తువు ప్రక్కన చేసినవారి పేరు వ్రాసి ఉంచవలెను.

తోటి విద్యార్థులారా! మనలో కొందరు రేపు దుబాయికో, కెనడాకో పోవచ్చును. పోవుట తప్పు కాదు. మన చేతి విలువ మనకు తెలిసి పోవలెను, మనకు నేర్పినవారి పేరు దాచకుండ పోవలెను. ఆ అతిథి తన దేశానికి తిరిగి వెళ్ళారు. బెర్బీస్‌లోని ఆమె పనిశాలలో ఈపాటికి మరొక తరగతి మొదలై ఉంటుంది. మా మిత్రుడు ఈ సంవత్సరం కళాశాల దరఖాస్తులో "తండ్రి వృత్తి" అను చోట మూడు అక్షరాలు వ్రాశాడు. టర్నర్. చేతివ్రాత మునుపటికంటె కొంచెం పెద్దదిగా ఉన్నది.